ఏం కాదులే: మినీ ట్రాక్టరు కొన్నవారికి నాలుగు మంచి మాటలు

చేవెళ్ల వైపో శంకర్‌పల్లి వైపో రెండెకరాలు కొని, చుట్టూ కంచె వేయించి, గేటు మీద పిల్లలిద్దరి పేర్లూ కలిపి ఒక పేరు రాయించాక మనిషికి ఇంకొక్క కోరికే మిగులుతుంది. సొంత ట్రాక్టరు. ఊళ్లో దుక్కులు దున్నే 50 హార్స్‌పవర్ బండి కాదు, అది మామిడి కొమ్మల కింద దూరదు. 15 నుంచి 28 హార్స్‌పవర్ మధ్యలో ఏదో ఒక బుల్లిది. వరసల మధ్య రోటవేటర్ తిరగాలి, పశువుల ఎరువు తోలాలి, ఎండుకొమ్మలు ఈడ్చాలి, ఆదివారం వచ్చిన బావమరిది ఒక రౌండు కొట్టి ఫొటో దిగాలి.

కొన్నారు. సంతోషం. షోరూము వాళ్లు దండ వేసి, కొబ్బరికాయ కొట్టించి, నిమ్మకాయలు తొక్కించి, తాళంచెవితో పాటు ఒక పుస్తకం కూడా చేతిలో పెట్టి ఉంటారు. తెరిస్తే పేజీకో త్రిభుజం, త్రిభుజంలో ఆశ్చర్యార్థకం. అంత భయపెడితే వ్యవసాయం సాగదు. ఆ పుస్తకాన్ని టూల్ బాక్సులో అడుగున వేసి, దాని మీద గ్రీజు గన్ను పెట్టేయండి. మా వైపు ట్రాక్టరు విద్యంతా రెండే రెండు మాటల్లో ఉంది. ఒకటి "ఏం కాదులే". రెండోది "ఒక్క నిమిషం పనే కదా". ఈ రెండూ నోటికి వచ్చినవాడికి పుస్తకంతో పనిలేదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వం వాళ్ల వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఒకటుంది. రైతులకు ట్రాక్టరు నడపడం, చూసుకోవడం నేర్పుతారు. అక్కడిదాకా ఎవరు పోతారు? మీకు కారు వచ్చు కదా. స్టీరింగు గుండ్రంగానే ఉంది.

ముందు మనసులో ఒక మాట గట్టిగా అనుకోండి: ఇది చిన్న బండి. ఎంత చిన్నదంటే ఆరేడు వందల కిలోల నుంచి మొదలు. రోటవేటర్ తగిలిస్తే ఇంకో రెండు వందలు. చక్రాల మధ్య ఎడం తక్కువ కాబట్టే చెట్ల మధ్య దూరుతుంది, అందుకే పక్కకు ఒరగాలన్నా దానికి పెద్ద గట్టు అక్కర్లేదు. కొన్ని బండ్లకు వెనక రిమ్ములు తిప్పి బిగిస్తే ఆ ఎడం కాస్త పెరుగుతుంది. మెకానిక్కు గంట పని. మనకు అంత తీరిక లేదు.

ముందుగా ఆ కమాను సంగతి

సీటు వెనక రెండు కాళ్ల మీద నిలబడ్డ ఇనుప కమాను మీ బండికి ఉంటే (దాన్ని రోల్ బార్ అంటారు, చాలా బండ్లకు ఉండదు కూడా), తోటలో మీకు మొదటి శత్రువు అదే. బంగినపల్లి కొమ్మకు తగులుతుంది, పిందెలు రాలతాయి. మడత పెట్టే రకమైతే కొమ్మల కిందికి వెళ్లేటప్పుడు వంచి, బయటికి రాగానే మళ్లీ నిలబెట్టి పిన్ను వేయమని పుస్తకం చెబుతుంది. ఇందులో మొదటి సగం పాటించండి, రెండో సగం మరిచిపోండి. మడవని రకమైతే వెల్డింగు షాపులో కోయించండి. ఆ పైపుతో పిల్లలకు ఉయ్యాల స్టాండు వస్తుంది.

ఎండ తగలకుండా సన్న పైపుల మీద ఒక ఫైబర్ టాపు వేయించుకోండి. దూరం నుంచి చూసేవాళ్లకు రెండూ ఒకటే. బండి బోర్లా పడిన రోజున మాత్రమే తేడా తెలుస్తుంది, ఆ తెలిసేది కూడా చూడవచ్చిన వాళ్లకే.

ఈ కమాను పిచ్చి మొదలైంది స్వీడన్‌లో. కొత్త ట్రాక్టర్లకు అది ఉండి తీరాలని వాళ్లు 1959లోనే నిబంధన పెట్టారు. కూలికి నడిపేవాళ్ల బండ్లకు ఉండాలని 1976లో అమెరికా కూడా అంది. స్వీడన్‌లో ఆ తర్వాత ట్రాక్టరు కింద నలిగి పోయేవాళ్లు బాగా తగ్గిపోయారు. చలిదేశం, నేలంతా జారుడు, వాళ్ల భయాలు వాళ్లవి. మన నేల గట్టిది. దాని మీద పడితే మనకే దెబ్బ తగులుతుంది గానీ నేలకేం కాదు.

ఇక సీటు బెల్టు. దీని లెక్క కొంచెం తిరకాసుగా ఉంటుంది, జాగ్రత్తగా వినండి. కమాను నిలబెట్టి ఉన్నప్పుడు బెల్టు పెట్టుకోవద్దు. కమాను వంచేసినప్పుడు, లేదా అసలు లేనప్పుడు, గట్టిగా బిగించుకోండి. పుస్తకం దీనికి సరిగ్గా తిరగేసి చెబుతుంది. కమాను ఉంటే బండి బోర్లా పడినా కింద మనిషి పట్టేంత ఖాళీ మిగులుతుందట, బెల్టు ఉన్నవాడు ఆ ఖాళీలోనే ఉంటాడట, లేనివాడు ఎగిరి ఆ కమాను కిందే పడతాడట. కమాను లేని బండిలో బెల్టు పెట్టుకుంటే బండి ఎటు పోతే మనిషీ అటేనట. వాళ్లు అన్నీ ఆలోచించి రాశారని ఒప్పుకోవాల్సిందే. కానీ నల్లటి బెల్టు తెల్లచొక్కా మీద మరక చేస్తుందన్న సంగతి ఆలోచించలేదు.

బండి ముందు బంపరు దగ్గర ఇనుప దిమ్మలు వేలాడుతుంటాయి, చూశారా? వెనక రోటవేటర్ లేచినప్పుడు ముక్కు తేలిపోకుండా ఉండటానికట. నాలుగు దిమ్మలూ విప్పి గేటు దగ్గర పెట్టుకోండి. గాలికి తలుపు కొట్టుకోకుండా భలే ఆగుతుంది.

తిరిగే రాడ్డు

ట్రాక్టరు వెనక మధ్యలో పళ్లున్న చిన్న ఇరుసు ఒకటి బయటికి పొడుచుకుని ఉంటుంది. పీటీవో. దానికి ఒక రాడ్డు తగిలించి రెండో కొస రోటవేటర్‌కు బిగిస్తారు. ఇంజనులో ఉన్న బలమంతా ఆ రాడ్డు గుండానే వెళ్తుంది. నిమిషానికి 540 చుట్లు. అంటే సెకనుకు తొమ్మిది. ఆ రాడ్డు మందం చూసుకుంటే ఒక్కో చుట్టుకు జానెడు గుడ్డ చుట్టుకుంటుంది. సెకనులో దాదాపు రెండు మీటర్లు. మనం కట్టుకునే లుంగీ పొడవు కూడా సుమారు అంతే కదా, అని మీరు అడగవచ్చు. అవును. అయితే ఏంటి?

లుంగీయే కట్టుకోండి. చల్లగా ఉంటుంది. భుజం మీద తువ్వాలు వేసుకోండి, రెండు కొసలూ గాలికి ఆడుతూ ఉండాలి. ఇంట్లో ఆడవాళ్లు కాఫీ ఇవ్వడానికి వస్తే చీరకొంగు దోపుకోమని చెప్పకండి, జడ ముడి వేసుకోమని చెప్పకండి. బండి నడుస్తుండగానే రాడ్డు పక్కకొచ్చి గ్లాసు అందుకోండి. ఆఫీసులో వాడే ఐడీ కార్డు దారం మెడలో ఉంటే అదీ తీయకండి, మీరు ఎక్కడ పని చేస్తారో తెలుసుకోవడానికి పనికొస్తుంది.

కొత్త రాడ్డు మీద ప్లాస్టిక్ గొట్టం తొడుగు ఉంటుంది, దాని రెండు కొసలకూ సన్న గొలుసులు. లోపల రాడ్డు తిరుగుతున్నా పైన ఆ తొడుగు తిరగకుండా ఆ గొలుసులు పట్టి ఉంచుతాయి. గ్రీజు కొట్టడానికి అడ్డం అని మొదటి సర్వీసింగులోనే దాన్ని పీకేస్తారు. మా మండలంలో పాత రోటవేటర్లను వరసగా నిలబెట్టి వెతికితే తొడుగున్న రాడ్డు కనిపించడం కష్టం. మీది మాత్రం ఎందుకు వేరుగా ఉండాలి? పీకేయండి. పగిలితే కొత్తది కొనొద్దు. దాని ఖరీదు మీరు ఆదివారం బిర్యానీకి పెట్టేంత ఉంటుంది.

షియర్ బోల్టు అని ఒకటుంది. రాయి తగిలినప్పుడు గేర్‌బాక్సు పోకుండా తాను విరిగిపోవడం దాని ఉద్యోగం. మాటిమాటికీ విరుగుతోందని విసుక్కునేవాళ్లకు చిట్కా: దాని స్థానంలో గట్టి స్టీలు బోల్టు, అదీ కొంచెం పొడుగుది, వేయండి. అంగుళం బయటికి పొడుచుకుని ఉంటే ఇంకా మంచిది. గేర్‌బాక్సు పగిలే దాకా విరగదు. ఆ అంగుళం ముక్కకు లుంగీ అంచు తగిలితే విడిపోయే ప్రసక్తి లేదు.

ఇప్పుడు అసలైన ఘట్టం. తోటలో డ్రిప్ పైపులు ఉంటాయి. నల్లటి సన్నపైపు గడ్డిలో కనబడదు. రోటవేటర్ దాన్ని లాక్కుని బ్లేళ్లకు చుట్టేసుకుంటుంది. దాంతో పాటు గరిక, తుంగ, ఎవరో పారేసిన యూరియా సంచి. బండి మూలుగుతుంది. ఇక్కడే మన రెండో మంత్రం పనికొస్తుంది: ఒక్క నిమిషం పనే కదా. రోటవేటర్‌ను లిఫ్టుతో పైకి లేపండి. పీటీవో లివర్ ఆఫ్ వైపు లాగినట్టు అనిపిస్తే చాలు, నిజంగా పడిందో లేదో చూడకండి. ఇంజను ఆపకండి, మళ్లీ స్టార్టు చేయాలంటే డీజిల్ దండగ. వెనక నుంచే దిగండి, రాడ్డు మీదుగా కాలు దాటించి. తర్వాత పైకి లేచి ఉన్న రోటవేటర్ కింద వెల్లకిలా పడుకుని కత్తితో పైపు కోయండి.

దాన్ని పైన ఆపి ఉంచేది ఏంటని ఎప్పుడైనా ఆలోచించారా? నూనె. హైడ్రాలిక్ గొట్టాల్లో ఉన్న కాసింత నూనె, దాన్ని పట్టి ఉంచే రబ్బరు సీళ్లు. అవి అరిగితే లేపిన రోటవేటర్ మెల్లగా దిగుతూ ఉంటుంది, ఈలోపు సీటు మీదికి ఎక్కిన పిల్లాడు ఎర్ర పిడి లివరు కిందికి నొక్కితే మెల్లగా కూడా కాదు. కింద రెండు లావుపాటి కొయ్య మొద్దులు పెట్టమంటారు. మొద్దులు వంటింటి పొయ్యికి కావాలి. లేపిన రోటవేటర్‌ను కిందికి దించి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని, బ్లేళ్లు పూర్తిగా ఆగేవరకు నిలబడి, అప్పుడు చెయ్యి పెట్టేవాళ్లను కూడా చూశాను. అంతా ముసలి రైతులే. ఎంత నెమ్మదో వాళ్లది. పది వేళ్లతో ముసలివాళ్లయ్యారు, పాపం.

మోడు, గొలుసు, నల్లరేగడి

పొలం కొన్నప్పుడు దాంట్లో ఒక తుమ్మ మోడు కచ్చితంగా ఉంటుంది. జేసీబీని పిలిస్తే గంటకు ఇంత అంటాడు. మన దగ్గర ట్రాక్టరు ఉంది. గొలుసు ఉంది. యూట్యూబు ఉంది.

గొలుసు ఎక్కడ కట్టాలన్నదే ప్రశ్న. కింద, ఇరుసు కంటే కింద, డ్రాబార్ ఉంటుంది. లాగుడు పనికి పెట్టింది అదే. కానీ దానికి కట్టాలంటే వంగాలి. పైన, సీటు వెనకే, టాప్ లింకు బిగించే చోటు చేతికి అందుతుంది. పిన్ను కూడా అక్కడే వేలాడుతుంటుంది. అక్కడే కట్టండి. క్లచ్ మెల్లగా వదలొద్దు, ఒక్క ఊపున వదిలితేనే మోడు కదులుతుంది.

అలా చేస్తే ఏం జరుగుతుందో చెప్పకపోతే మోసం చేసినట్టు అవుతుంది కాబట్టి చెబుతాను. మోడు కదలదు. గొలుసు పట్టి ఉంది కాబట్టి బండి ముందుకు పోలేదు. ఇంజను మాత్రం వెనక చక్రాలను తిప్పాలనే చూస్తుంది. చక్రాలు తిరగలేకపోతే ఆ బలం ఊరుకోదు, చక్రాల ఇరుసు చుట్టూ బండినే తిప్పుతుంది. గొలుసు పైన కట్టారు కాబట్టి అది కూడా బండిని వెనక్కి లాగి సాయం చేస్తుంది. ముందు చక్రాలు లేస్తాయి. లేచిన దగ్గర్నుంచి బండి వెనక్కి తిరగబడిపోవడానికి ఒకటిన్నర సెకను చాలు. అందులో మొదటి సగం దాటాక క్లచ్ తొక్కినా ప్రయోజనం లేదు, అప్పటికే బరువు ఇరుసు దాటి వెనక్కి వెళ్లిపోతుంది. "ఏం కాదులే" అని పూర్తిగా అనడానికి సరిగ్గా సరిపోయే సమయం.

గొలుసు బదులు నైలాన్ తాడు వాడేవాళ్లూ ఉన్నారు. తాడు సాగుతుంది, సాగి తెగుతుంది, తెగితే ఎటు కొడుతుందో దానికే తెలియదు. అందుకని చుట్టాలందరినీ తాడుకు అటూ ఇటూ దగ్గరగా నిలబెట్టండి, బాగా కనిపిస్తుంది.

దీనికి తమ్ముడి వరస ఒకటుంది, వానాకాలం విద్య. చేవెళ్ల వైపు ఎర్రనేలతో పాటు నల్లరేగడి కూడా ఉంది. తడిసిందంటే వెనక చక్రం ఇరుసు దాకా దిగబడుతుంది. అప్పుడు ఊళ్లోంచి ఒక పెద్దమనిషి వస్తాడు, చేతిలో దుంగతో. దుంగను చక్రాల ముందు అడ్డంగా పెట్టి గొలుసుతో రెండు చక్రాలకూ గట్టిగా కట్టేస్తాడు. చక్రం తిరిగితే దుంగ కిందికి వచ్చి బండి దాని మీదికి ఎక్కుతుంది, అదీ లెక్క. దమ్ము చేసే మడుల్లో దీని మీద మనవాళ్లకు ఎంతో నమ్మకం. దుంగ చక్రం కిందికి రాకుండా బురదలో ఇరుక్కుంటే ఏమవుతుంది? చక్రం ఆగిపోతుంది. చక్రం ఆగితే ఏమవుతుందో పైన మోడు దగ్గర చెప్పాను. ఈసారి కింద ఉండేది బురద కాబట్టి మెత్తగా ఉంటుంది. బండి కింద బురదలో ముఖం ఉన్నవాడికి దెబ్బలు తగలకపోయినా ఊపిరి ఆడదు.

రివర్సులో మెల్లగా వెనక్కి తీయడం, రాకపోతే చక్రాల వెనక పారతో తవ్వడం, వెనకున్న పనిముట్టు విప్పేయడం, అప్పటికీ రాకపోతే ఇంకో బండిని పిలవడం. ఇవన్నీ పరువు తక్కువ పనులు. ముఖ్యంగా రెండో బండిని పిలవడం. రేపు ఊరంతా చెప్పుకుంటారు, సార్ బండి దిగబడిందట అని.

ఎత్తు ఎక్కడం కూడా ఇలాంటిదే. మీ నీటికుంట కట్ట మీదికి, లేదా గుట్టవాలుగా ఉన్న ముక్క మీదికి ఎక్కాలంటే బరువైన వైపు పైకి ఉండాలని, అంటే వెనక పనిముట్టుతో ఉన్న బండిని రివర్సులో ఎక్కించి, ముక్కు ముందుకు పెట్టి దించాలని చెబుతారు. బావమరిది చూస్తుండగా కొండ ఎక్కడానికి వీపు చూపిస్తారా? ముక్కు ఆకాశం వైపు పెట్టి, రోటవేటర్ పైకి లేపి, రెండో గేరులో దూకించండి. సగంలో ఆగిపోతే క్లచ్ తొక్కండి. బండి దానంతట అదే వెనక్కి దొర్లుతుంది. అప్పుడు క్లచ్ గబుక్కున వదలడం మరిచిపోకండి.

అంచుల విషయం. మీ రెండెకరాల్లో పాత మోటబావి ఉంటే మీరు అదృష్టవంతులు, ఫొటోలకు బాగుంటుంది. దానికి గోడ కట్టించకండి. బావి ఎంత లోతో అంచు నుంచి అంత దూరం ఉంచమని ఒక లెక్క ఉంది, కాలువకైనా కుంటకైనా ఇదే. అంత నేల వదిలేస్తే గజం ఎంతన్నది మీరు కొన్న ధరను బట్టి లెక్కవేయండి. గడ్డి కొట్టేది చివరి అడుగు దాకా కొట్టాలి. వాన పడ్డాక అంచు నేల పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపల కదిలిపోయి ఉంటుంది. పైకి కనిపించేదాన్నే మనం నమ్ముదాం.

రోడ్డెక్కాక

ట్రాక్టరుకు బ్రేకు పెడళ్లు రెండు. ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి. తోటలో చెట్టు చుట్టూ బిగువుగా తిరగడానికి ఒక్కటే తొక్కుతారు. రోడ్డెక్కేముందు రెండింటినీ కలిపే కొక్కెం ఒకటి వేయాలి. వేయకండి. తార్రోడ్డు మీద పై గేరులో పోతూ కుక్క అడ్డం వచ్చినప్పుడు కంగారులో ఒక్క పెడలే పడుతుంది. అప్పుడు బండి ఎటు తిరుగుతుందో ముందే తెలిస్తే ప్రయాణంలో మజా ఏముంది?

మలుపుల దగ్గర వేగం తగ్గించకండి. వేగం రెట్టింపు చేసి అదే మలుపు తిరిగితే బండిని బయటికి నెట్టే బలం నాలుగింతలవుతుంది. బళ్లో చదువుకున్నదే, పరీక్ష అయిపోయాక దానితో పనేముంది? వెనక ట్రాలీ ఉందంటే, ఆ ట్రాలీకి బ్రేకు లేదంటే, మీరు ఆగుదామనుకున్నప్పుడు అది ఆగదు, అది మిమ్మల్ని తోస్తుంది. అనంతగిరి వైపు దిగుడు రోడ్డు మీద న్యూట్రల్ చేసి ఇంజను ఆపేస్తే డీజిల్ ఆదా అనే మహానుభావులు ఉన్నారు. ఎక్కిన గేరులోనే దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుందన్న సంగతి వాళ్లకు తెలియక కాదు. లీటరు డీజిల్ రేటు తెలిసి.

ట్రాలీ వెనక ఎర్ర రేడియం స్టిక్కరు అంటించకండి. రాత్రిపూట చెరకు తోలే బండ్లను గుద్దుకున్న బైకు వాళ్లను అడిగితే చెబుతారు, అసలు కనిపించలేదని. కనిపించకపోవడమే కదా వినయం అంటే.

మనుషుల్ని ఎక్కించుకోవడం గురించి. మడ్‌గార్డు మీద ఇద్దరు, డ్రాబార్ మీద ఒకరు, మీ ఒళ్లో చిన్నవాడు, వాడి చేతిలో స్టీరింగు. ట్రాక్టరుకు సీటు ఒకటే ఎందుకు పెట్టారంటే తయారుచేసిన వాళ్లకు బంధువులు లేరు కాబట్టి. చిన్నవాడు కిందపడితే ముందు చక్రం కింద పడడు. వెనక చక్రం, అదీ పెద్దది, సరిగ్గా వాడు కూర్చున్న వైపే ఉంటుంది.

ట్రాలీలో కూలీలను ఎక్కించుకోవడం గురించి కూడా ఒక చిట్కా రాయాలి. వ్యవసాయ ట్రాక్టరు ట్రాలీ మనుషుల కోసం కాదు, దానికి ఆ అనుమతి లేదు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో కూలీలతో పోతున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడింది. 15 మంది పోయారు. దాదాపు అందరూ ఆడవాళ్లే. అదే ఏడాది ఏప్రిల్‌లో నల్గొండ జిల్లాలో ఇలాగే ఇంకో ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది పోయారు. వాళ్లూ కూలికి పోతున్న ఆడవాళ్లే. ఇప్పటికీ నాట్ల రోజుల్లో పొద్దున ఆరింటికి ఏ ఊరి సెంటర్లో నిలబడ్డా, టిఫిను డబ్బాలతో నిలబడి పోయే మనుషుల ట్రాలీలు కనిపిస్తాయి. దీని మీద నా దగ్గర చిట్కా లేదు. ఆటో మాట్లాడండి.

చిల్లర విషయాలు

బండి స్టార్టు కాకపోతే సీటు ఎక్కి, క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్లో ఉందో లేదో చూసుకోవడమంతా చాదస్తం. కింద నిలబడి, వెనక చక్రం ముందు, స్టార్టర్ మోటారు దగ్గర రెండు బోల్టుల మధ్య స్క్రూడ్రైవర్ పెట్టండి. ఒక నిప్పురవ్వ, ఇంజను లేస్తుంది. గేరులో ఉంటే బండి కూడా లేస్తుంది, మీ వైపే. క్లచ్ తొక్కితేనే స్టార్టయ్యేలా కంపెనీ వాళ్లు ఒక స్విచ్ పెట్టారు. ఎలక్ట్రీషియన్‌తో దాని వైర్లు రెండూ కలిపించేయండి.

రేడియేటర్ వేడెక్కి ఆవిరి వస్తుంటే మూత వెంటనే తిప్పండి, ముఖం దగ్గరగా పెట్టి. చల్లారే దాకా ఆగి, తర్వాత గుడ్డ వేసి సగం తిప్పి ఆవిరి పోనిచ్చి తీసేవాళ్లు టీవీ సీరియళ్లకు అలవాటు పడినవాళ్లు.

డీజిల్ పోసేటప్పుడు బీడీ వెలిగించవచ్చా అని ఒకాయన అడిగాడు. డీజిల్ పెట్రోలంత తొందరగా అంటుకోదని ఆయన వాదన. ఇంజను వేడిగా ఉన్నప్పుడు, సైలెన్సర్ మీద రెండు చుక్కలు పడేలా పోస్తే వాదన ఎటు తేలుతుందో చూడవచ్చు.

షెడ్డు తలుపులు వేసి లోపల ఇంజను నడపండి, దోమలు పోతాయి. డిఫరెన్షియల్ లాక్ పెడల్ మీద కాలు పెట్టే మలుపు తిరగండి. ట్రాలీలో వరిగడ్డి ఎత్తుగా వేసుకుని, వేలాడే కరెంటు తీగ కిందుగా పోతూ, గడ్డి మీద కూర్చున్నవాడిని చేత్తో తీగ ఎత్తమనండి. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ, రెండు బీర్లు అయ్యాక బండి ఎక్కడం మీ ఇష్టం. ఈ విషయంలో నేను ఎవరికీ సలహా ఇవ్వను, నా మాట ఎవరూ వినరు.

పని అయ్యాక బండిని వాలులో ఆపండి. హ్యాండ్‌బ్రేకు లాగొద్దు, చక్రం కింద రాయి పెట్టొద్దు, రోటవేటర్ పైకి లేపే ఉంచండి, తాళంచెవి దానికే వదిలేయండి. ఎదురింటి పిల్లలు వచ్చి ఆడుకుంటారు, పాపం వాళ్లకు మాత్రం ఎక్కడ దొరుకుతుంది ట్రాక్టరు?

ఒంటరిగా నడిపేటప్పుడు

వారం మధ్యలో ఒక్కరే వచ్చి ప్రశాంతంగా దున్నుకోవడంలో ఉన్న సుఖం వేరు. ఫోను ఇంట్లో చార్జింగుకు పెట్టి రండి, జేబులో ఉంటే దుమ్ము పడుతుంది. ఏ పక్క దున్నుతున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పకండి, ప్రతిదానికీ లెక్క చెప్పాలంటే నగరంలోనే ఉండవచ్చు.

ఇంజను ఆపే నాబు ఎక్కడుందో ఇంట్లోవాళ్లకు, వాచ్‌మన్‌కు చూపించకండి. కొన్ని బండ్లలో తాళంచెవి తిప్పినా ఇంజను ఆగదు, ఆ నాబు లాగాల్సిందే. రాడ్డులో చిక్కుకున్నవాడిని చూసి పరుగెత్తుకొచ్చినవాళ్లు ముందు మనిషిని లాగుతారు, తర్వాత ఇంజను ఎలా ఆపాలా అని వెతుకుతారు. ఆ వరస మార్చాలంటే ఒకసారి చూపిస్తే చాలు, కానీ ఒక్క నిమిషం పనే కదా అని అది మాత్రం ఎవరూ చేయరు.

108 ఉంది కదా అంటారు. ఉంది, 2005 నుంచి ఉంది, ఫోను చేస్తే వస్తుంది. వచ్చేవాడికి దారి చెప్పాలి. మీ తోట చిరునామా ఏంటి? వెంచరు కమాను దాటాక, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎడమకు, రెండు వేపచెట్లు దాటాక మట్టిరోడ్డు. సర్వే నంబరు కాగితం మీ ఇంట్లో బీరువాలో ఉంది. లొకేషను పంపుదామంటే ఫోను చార్జింగులో ఉంది.

ఇక గేటుకు లోపలి నుంచి తాళం వేసుకోండి. తెరిచి ఉంటే కోళ్లు రోడ్డెక్కుతాయి.